పొరుగు ఆకాశం

1940 జూన్ నెల. యూరప్‌లో హిట్లర్ సైన్యాలు పారిస్ పొలిమేరల దాకా వచ్చేశాయి. అట్లాంటిక్‌కు ఆవలి గట్టున, కొలంబియా దేశపు రేవు పట్టణం బరాంకియాలో ఆ రోజుల్లోనే ఇంకో పోరు ముగిసింది. తుపాకీ పేలలేదు, రక్తం చిందలేదు. ఒక విమాన కంపెనీలో కొందరు ఉద్యోగుల చేతికి ఉత్తరాలు అందాయి, అంతే.

ఆ కంపెనీ పేరు స్కాడ్టా. విమానాలు నడిపేవాళ్లు జర్మన్లు. ఇంజన్లు విప్పి బిగించేవాళ్లు జర్మన్లు. లెక్కలు రాసేవాళ్లలోనూ చాలామంది జర్మన్లే. వారిలో 80 మందికి పైగా ఒక్కసారిగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ముందుగానే గుట్టుచప్పుడు కాకుండా రప్పించి ఉంచిన అమెరికన్ పైలట్లు, మెకానిక్‌లు వాళ్ల స్థానాల్లోకి వచ్చారు.

ఉద్యోగం పోయినవాళ్లలో ఒకడిని మనసులో నిలుపుకుందాం. పేరెందుకు, అలాంటివాళ్లు ఎందరో. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడపడం నేర్చాడు. ఓడిపోయిన జర్మనీకి వైమానిక దళమే ఉండకూడదని వర్సాయ్ సంధి కట్టడి చేశాక, పని వెతుక్కుంటూ సముద్రం దాటాడు. బరాంకియాలో స్థిరపడ్డాడు. అక్కడి అమ్మాయినే పెళ్లాడాడు. పిల్లలు స్పానిష్‌లో పోట్లాడుకుని, తండ్రి దగ్గరికి వచ్చి జర్మన్‌లో ఫిర్యాదు చేస్తారు. ఆ సాయంత్రం అతను కవరు చింపి, చదివి, మళ్లీ మడతపెట్టాడు.

“ఏం రాశారు అందులో?” అని అడిగింది భార్య.

“రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదట.”

“ఇన్నేళ్లు చేశారు కదా మీరు. కారణమైనా రాయొద్దూ?”

“రాయలేదు. రాయకపోయినా తెలుస్తూనే ఉంది.”

“మరి రేపు విమానం ఎవరు నడుపుతారు? ఆ కొండల్లో దారి ఇంకెవరికి తెలుసు?”

“కొత్తగా వచ్చిన ఆ అమెరికా వాళ్లు.”

ఈ మాటలు ఊహించినవి. వాటి చుట్టూ ఉన్నదంతా జరిగిందే. ఒక పెద్ద దేశం తన పొరుగు ప్రాంతంలో శత్రువు పలుకుబడిని ఎలా తొలగించాలనుకుంది, ఎక్కడ న్యాయంగా నెగ్గింది, ఎక్కడ ఘోరంగా తప్పటడుగు వేసింది అన్నది ఈ కథ. ఇందులో పెద్ద దేశానికి ఎంత పాత్ర ఉందో, చిన్న దేశానికీ అంతే ఉంది.

నది మీద ఎగిరిన లోహ పక్షి

కొలంబియాలో ఆండీస్ పర్వతాలు మూడు పాయలుగా చీలుతాయి. రాజధాని బొగోటా సముద్ర మట్టానికి 2,600 మీటర్ల ఎత్తున కొండల మధ్య ఉంటుంది. వందేళ్ల కిందట సముద్ర తీరం నుంచి అక్కడికి పోవాలంటే మగ్దలేనా నది మీద ఆవిరి పడవే దిక్కు. నీళ్లు బాగా ఉంటే వారం, పది రోజులు. ఎండలకు నది తగ్గి పడవ ఇసుక దిబ్బ మీద కూరుకుపోతే ఎన్నాళ్లో చెప్పలేని ప్రయాణం.

1919 డిసెంబర్ 5న బరాంకియాలో కొందరు కొలంబియా వ్యాపారులు, కొందరు జర్మన్లు కలిసి స్కాడ్టాను స్థాపించారు. జర్మనీ నుంచి యుంకర్స్ ఎఫ్-13 విమానాలు తెప్పించారు. పూర్తిగా లోహంతో చేసినవి, నీటి మీద దిగడానికి తేలుడు దిమ్మెలు అమర్చినవి. రన్‌వే లేని దేశంలో నదే రన్‌వే అయింది. వారం పట్టే దారి ఒక పగటి పూటకు కుదించుకుపోయింది. ఉత్తరాలు, బంగారం, రోగులు, రాజకీయ నాయకులు అందరూ ఆ విమానాలే ఎక్కారు.

ఆ విజయానికి ప్రాణాలు కూడా ధారపోశారు. 1924 జూన్‌లో ‘తోలిమా’ అనే విమానం బరాంకియాలో కూలినప్పుడు జర్మన్ పైలట్ హెల్ముత్ ఫాన్ క్రోన్‌తో పాటు, కంపెనీని నిలబెట్టిన కొలంబియా వ్యాపారి ఎర్నెస్తో కోర్తిసోస్ కూడా చనిపోయాడు. ఇవాళ్టి బరాంకియా విమానాశ్రయానికి ఆయన పేరే. 1932లో పెరూతో సరిహద్దు యుద్ధం వచ్చినప్పుడు అడవుల్లోకి సైనికుల్ని, సరుకుల్ని మోసిన విమానాలు స్కాడ్టావి. నడిపినవాళ్లు జర్మన్ పైలట్లు. కొలంబియా జనం దృష్టిలో వాళ్లు పరాయివాళ్లు కారు, తమ దేశానికి రెక్కలు తొడిగినవాళ్లు.

ఇరవయ్యేళ్లు అలా గడిచాయి. ఈలోగా జర్మనీ మారిపోయింది.

కాలువకు రెండు గంటల దూరం

అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలను కలిపే పనామా కాలువ అమెరికా నౌకాదళానికి ప్రాణనాడి. కాలువ లాకుల మీద రెండు బాంబులు పడితే చాలు, ఒక సముద్రంలో ఉన్న నౌకలు రెండో సముద్రంలోకి రావాలంటే దక్షిణ అమెరికా కొస దాకా తిరిగి రావాలి. బరాంకియా నుంచి ఆ కాలువకు సుమారు 600 కిలోమీటర్లు. ఆనాటి విమానానికి రెండు, మూడు గంటల ప్రయాణం.

1939 సెప్టెంబర్‌లో యుద్ధం మొదలయ్యాక వాషింగ్టన్‌లో సైనికాధికారులు మ్యాప్ పరిచి చూసినప్పుడల్లా ఆ 600 కిలోమీటర్లే కనిపించేవి. కొలంబియాలో ప్రతి లోయా, ప్రతి ఏరూ, విమానం దిగగల ప్రతి మైదానమూ జర్మన్ పైలట్లకు కంఠస్థం. వాళ్లలో కొందరు జర్మన్ వైమానిక దళపు రిజర్వు జాబితాలో ఉన్నారు. ప్రయాణికుల విమానంలో బాంబులు పెట్టుకుని ఎగరరని ఎవరు హామీ ఇస్తారు?

1940 వసంతంలో ఆ భయం రెట్టింపైంది. ఏప్రిల్‌లో డెన్మార్క్, నార్వేల మీద జర్మనీ దండెత్తింది. మేలో హాలండ్, బెల్జియం. దేశం లోపలే ఉండి శత్రువుకు తలుపులు తీసే పంచమాంగ దళం గురించి పత్రికల నిండా కథనాలు. లాటిన్ అమెరికాలో లక్షలాది జర్మన్ సంతతి వారున్నారు. బ్రెజిల్‌లో కాండోర్, బొలీవియాలో లాబ్, ఈక్వడార్‌లో సెడ్టా, పెరూలో లుఫ్తాన్సా శాఖ, ఇలా ఆ ఖండపు ఆకాశమంతా జర్మన్ కంపెనీలే పరుచుకుని ఉన్నాయి. 1939 డిసెంబర్ నుంచి రోమ్, రియో నగరాల మధ్య ఇటలీ వారి లాటి విమానాలు కూడా తిరుగుతున్నాయి.

ముప్పై ఏళ్ల కిందటి అమెరికా అయితే ఏం చేసేదో అందరికీ తెలుసు. ఒక యుద్ధనౌకను తీరానికి పంపేది. కొలంబియాకు అది మరీ బాగా తెలుసు. పనామా ఒకప్పుడు కొలంబియాలో భాగం. కాలువ ఒప్పందాన్ని కొలంబియా సెనేట్ తిరస్కరించాక, 1903 నవంబర్ 3న పనామాలో తిరుగుబాటు లేచింది. దాన్ని అణచడానికి కొలంబియా సైన్యం కదలకుండా అమెరికా నౌక నాష్‌విల్ అడ్డం నిలిచింది. కొన్ని రోజుల్లోనే పనామా వేరే దేశమైపోయింది. ఆ గాయానికి పరిహారంగా అమెరికా 2 కోట్ల 50 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకునే సరికి 1921 వచ్చింది. డబ్బు ముట్టింది గానీ మనసు కుదుటపడలేదు.

అలాంటి కొలంబియా దగ్గరికి వెళ్లి, “మేం కట్టుకున్న కాలువకు మీ విమానాల వల్ల ప్రమాదం, మీ పైలట్లను తీసేయండి” అని అమెరికా అడగాలి. ఆ కాలువ ఉన్న నేల ఒకప్పుడు ఎవరిదో కొలంబియా మరిచిపోలేదు.

గుట్టుగా ఉన్న యజమాని

ఈ కథలో విచిత్రమైన మలుపు ఒకటుంది. నాజీల చేతిలో ఉందని అమెరికా భయపడుతున్న ఆ కంపెనీకి అసలు యజమాని అమెరికా కంపెనీయే.

స్కాడ్టాను చాలా కాలం నడిపించినవాడు పీటర్ పాల్ ఫాన్ బావర్ అనే ఆస్ట్రియన్. 1920లలో మియామీ దాకా సర్వీసులు నడపాలని ఆయన ప్రయత్నించాడు. కాలువ ప్రాంతంలో విదేశీ విమానాలు దిగడానికి అమెరికా ఒప్పుకోలేదు. ఆ పోటీ భయమే అమెరికాలో పాన్ అమెరికన్ ఎయిర్‌వేస్ ఎదగడానికి ఒక కారణమైంది. 1930లు మొదలయ్యే నాటి మాంద్యంలో ఫాన్ బావర్‌కు డబ్బు కరువైంది. పాన్ అమెరికన్ అధిపతి హువాన్ ట్రిప్ స్కాడ్టాలో 80 శాతానికి పైగా వాటా కొనేశాడు. ఆ ఒప్పందం రహస్యం. పేరు, పైలట్లు, పెత్తనం అన్నీ పాతవే. కొలంబియా జనానికి తమ విమానాలు అమెరికా వారివని తెలియదు.

ఈ గుట్టు పూర్తిగా బయటపడేసరికి 1939 వచ్చింది. అప్పుడు బొగోటాలో అమెరికా రాయబారి స్ప్రూల్ బ్రేడన్. నెమ్మదస్తుడు కాడు, మాట కటువు. సొంత దేశపు కంపెనీ జర్మన్ పైలట్లకు జీతాలిస్తూ కూర్చోవడం ఆయనకు మింగుడు పడలేదు. జర్మన్లను తీసేయమని ట్రిప్ మీద ఒత్తిడి తెచ్చాడు. ట్రిప్‌కు అది వ్యాపారం. అనుభవమున్న పైలట్లను తీసేసి, ఎక్కువ జీతాలకు అమెరికన్లను తేవాలి. ఆ ఖర్చు ఎవరు భరించాలి? కంపెనీయా, ప్రభుత్వమా? ఈ బేరంలోనే నెలలు గడిచిపోయాయి.

అంటే ఇక్కడ అమెరికా మొదట దారికి తెచ్చుకోవాల్సి వచ్చింది కొలంబియాను కాదు, తన సొంత కంపెనీనే. పొరుగున పరాయి పలుకుబడి గురించి మాట్లాడేటప్పుడు ఇలాంటి సంగతులే మరుగున పడిపోతుంటాయి. శత్రువు చొరబడిన సందు చాలాసార్లు మన వాళ్ల లాభాపేక్ష తెరిచిన సందే అయి ఉంటుంది.

సాంటోస్ నడిచిన కత్తి అంచు

కొలంబియా అధ్యక్షుడు ఎడ్వార్డో సాంటోస్ వృత్తిరీత్యా పత్రికా సంపాదకుడు. బొగోటాలో పెద్ద పత్రిక ‘ఎల్ తియెంపో’ ఆయనదే. ప్రజాస్వామ్యాన్ని నమ్మినవాడు, నాజీలంటే అసహ్యం. అయితే పనామాను మరిచిపోయినవాడు మాత్రం కాదు. ప్రతిపక్ష నాయకుడు లౌరెయానో గోమెజ్ తన పత్రిక ‘ఎల్ సిగ్లో’లో అమెరికా మీద నిప్పులు చెరిగేవాడు. వాషింగ్టన్ చెప్పిందని జర్మన్లను వెళ్లగొడితే సాంటోస్ ప్రభుత్వానికి ‘తొత్తు’ ముద్ర పడిపోతుంది.

సాంటోస్ ఎంచుకున్న దారి చట్టం. ఆయన పదవిలోకి వచ్చిన 1938లోనే కొలంబియా పౌర విమానయాన చట్టం చేసింది. దేశంలో నడిచే విమాన సంస్థల్లో సగానికి మించిన వాటా కొలంబియన్ల చేతిలో ఉండాలన్నది దాని సారం. అది జర్మన్లకు ఎంత వర్తిస్తుందో, అమెరికన్లకూ అంతే వర్తిస్తుంది. పనామా కాలువ మీద దాడికి కొలంబియా నేలను ఎవరూ వాడుకోనివ్వబోమని కూడా ఆయన బహిరంగంగా మాట ఇచ్చాడు. ఆ మాటలో అమెరికాకు భరోసా ఉంది. ఎవరికి భరోసా ఇవ్వాలో తానే నిర్ణయిస్తానన్న దేశం గౌరవమూ ఉంది.

ఆ గౌరవాన్ని అమెరికా గుర్తించే స్థితికి రావడం వెనుక ఏడేళ్ల విధానం ఉంది. 1933 మార్చి 4న పదవీ ప్రమాణం చేస్తూ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తమది ‘మంచి పొరుగు’ విధానమని ప్రకటించాడు. మాటలు చెప్పినంత మాత్రాన పొరుగువాడు నమ్మడు కదా! ఆ డిసెంబర్‌లో మాంటెవిడియోలో జరిగిన సభలో ఏ దేశమూ ఇంకో దేశపు అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోకూడదన్న సూత్రానికి అమెరికా విదేశాంగ మంత్రి కార్డెల్ హల్ తల ఊపాడు. 1934 మేలో క్యూబాలో ఎప్పుడంటే అప్పుడు సైన్యాన్ని దింపే హక్కునిచ్చిన ప్లాట్ సవరణ రద్దయింది. ఆ ఆగస్టులో 19 ఏళ్ల ఆక్రమణ తర్వాత అమెరికా మెరైన్లు హైతీ వదిలి వెళ్లారు. అదే ఏడాది జులైలో రూజ్‌వెల్ట్ కొలంబియాలోని కార్తహేనా రేవులో దిగాడు. పదవిలో ఉన్న అమెరికా అధ్యక్షుడు కొలంబియాలో కాలు మోపడం అదే మొదటిసారి.

అసలు పరీక్ష 1938 మార్చి 18న ఎదురైంది. మెక్సికో అధ్యక్షుడు లాసారో కార్డెనాస్ విదేశీ చమురు కంపెనీలన్నిటినీ జాతీయం చేశాడు. అమెరికా కంపెనీలు సైన్యాన్ని పంపమన్నంతగా గగ్గోలు పెట్టాయి. మెక్సికో చమురును కొనకుండా అడ్డుకున్నాయి. దాంతో మెక్సికో ఆ చమురును జర్మనీకి అమ్ముకోవాల్సి వచ్చింది. అయినా రూజ్‌వెల్ట్ సైన్యాన్ని పంపలేదు. పరిహారం బేరం 1941 నవంబర్‌లో తేలింది. ఆ మరుసటి ఏడాది మేలో మెక్సికో జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. 1938లో సైన్యాన్ని దింపి ఉంటే 1942లో మెక్సికో ఎటువైపు నిలిచేదో ఆలోచించడం కష్టం కాదు.

ఇదంతా గమనిస్తూ వచ్చిన దేశం కాబట్టే కొలంబియా 1940లో అమెరికా మాట వినడానికి సిద్ధపడింది.

చేతులు మారిన రోజు

పారిస్ వైపు జర్మన్ ట్యాంకులు కదులుతున్న జూన్‌లో ట్రిప్ చివరికి దిగివచ్చాడు. అమెరికా నుంచి పైలట్లు, మెకానిక్‌లు, రేడియో ఆపరేటర్లు బరాంకియా చేరారు. పని రహస్యంగా జరగాలి. ముందే పొక్కితే ఎవరైనా విమానాలను పాడుచేయవచ్చు. ఒకేసారి, ఒకే దెబ్బతో జరగాలి. ఉత్తరాలు పంచారు. పాతవాళ్లు దిగారు, కొత్తవాళ్లు ఎక్కారు.

కొత్త పైలట్లకు ఆ కొండలు కొత్త. పొద్దున్నే లోయల్ని మూసేసే మబ్బులు, నిమిషాల్లో మారిపోయే గాలులు, పటాల్లో లేని శిఖరాలు. దశాబ్దాల అనుభవం ఉత్తరంతో పాటు ఇంటికి వెళ్లిపోయింది. అయినా సర్వీసులు సాగాయి.

1940 జూన్ 14న బరాంకియాలో స్కాడ్టా, సాకో అనే కొలంబియా విమాన సంస్థ కలిసి కొత్త కంపెనీగా ఏర్పడ్డాయి. దాని పేరు అవియాంకా, అంటే కొలంబియా జాతీయ విమాన మార్గాలు. ఈ రెండు కంపెనీల విమానాలే అయిదేళ్ల కిందట మెదెయిన్ రన్‌వే మీద ఢీకొన్నాయి. టాంగో గాయకుడు కార్లోస్ గార్దెల్‌ను బలిగొన్న 1935 జూన్ 24 నాటి ప్రమాదం అదే. ఇప్పుడు ఆ పాత ప్రత్యర్థులు ఒకే జెండా కింద చేరారు.

అదే జూన్ 14న జర్మన్ సైన్యం పారిస్‌లోకి నడిచింది. హిట్లర్ యూరప్‌లో అతిపెద్ద విజయం సాధించిన రోజునే, లాటిన్ అమెరికాలో జర్మనీకి ఉన్న పెద్ద ఆనవాళ్లలో ఒకటి చెరిగిపోయింది. దాన్ని చెరిపినవి యుద్ధనౌకలు కావు. ఒక చట్టం, ఒక వాటాల పంపకం, ఒక అధ్యక్షుడి ఓర్పు. పాన్ అమెరికన్ పెద్ద వాటాదారుగానే మిగిలింది కానీ, పేరూ జెండా కొలంబియావి. వాషింగ్టన్‌కు కావలసింది దొరికింది, బొగోటాకు దక్కవలసింది దక్కింది.

కాఫీ బస్తా చేసిన పని

పరాయివాడిని పంపించేసినంత మాత్రాన పని పూర్తి కాదు. అతను పోగా మిగిలిన ఖాళీని ఎవరో ఒకరు నింపాలి. ఈ సంగతి రూజ్‌వెల్ట్ యంత్రాంగానికి బాగా తెలుసు.

యుద్ధంతో యూరప్ మార్కెట్లు మూతపడ్డాయి. కొలంబియా కొండల మీద కాఫీ పండించే చిన్న రైతుకు ధర పడిపోయింది. ఆకలితో ఉన్న రైతుకు బెర్లిన్ రేడియో చెప్పే మాటలు తియ్యగా వినిపిస్తాయి. 1940 నవంబర్ 28న అమెరికా, కాఫీ పండించే 14 లాటిన్ అమెరికా దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. అమెరికా ఏటా కొనే 1 కోటి 59 లక్షల బస్తాల్లో బ్రెజిల్‌కు 93 లక్షలు, కొలంబియాకు 31 లక్షల 50 వేలు అని వాటాలు వేశారు. పోటీపడి తెగనమ్ముకోవడం ఆగింది. ధర లేచింది. అమెరికా గృహిణి కాఫీకి కాస్త ఎక్కువ చెల్లించింది. కొలంబియా రైతు బతికి బట్టకట్టాడు. నాజీ ప్రచారాన్ని ఎదుర్కోవడానికి వేసిన కరపత్రాలన్నిటికంటే ఈ ఒప్పందమే ఎక్కువ పనిచేసి ఉంటుందని నా నమ్మకం.

బ్రెజిల్ అధ్యక్షుడు జెతూలియో వర్గాస్ జర్మనీ వైపు, అమెరికా వైపు మార్చి మార్చి చూస్తూ ఉక్కు కర్మాగారం కోసం బేరమాడాడు. 1940 సెప్టెంబర్‌లో అమెరికా 2 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. వోల్తా రెడోండాలో ఉక్కు కొలిమి లేచింది. 1942 ఆగస్టులో బ్రెజిల్ యుద్ధంలో దిగి, ఆ తర్వాత 25,000 మంది సైనికుల్ని ఇటలీకి పంపింది.

జర్మన్ విమాన కంపెనీల సంగతీ అలాగే నడిచింది. వాటిని తొలగించిన దేశాలకు బదులు విమానాలు, రుణాలు సమకూర్చడానికి 1941లో అమెరికా ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టింది. బొలీవియా లాబ్‌ను జాతీయం చేసింది. పెరూ, ఈక్వడార్‌లలో జర్మన్ సర్వీసులు ఆగాయి. బ్రెజిల్‌లో కాండోర్ కొత్త పేరుతో జాతీయ సంస్థ అయింది.

మనసుల మీద జరిగిన పోరు ఇంకో కథ. 1940 ఆగస్టు 16న అందుకోసం పెట్టిన కార్యాలయానికి 32 ఏళ్ల నెల్సన్ రాక్‌ఫెల్లర్ అధిపతి అయ్యాడు. పత్రికలు, రేడియో, సినిమా, వైద్యం, పారిశుద్ధ్యం అన్నీ ఆయన పరిధిలోవే. 1941లో వాల్ట్ డిస్నీ తన చిత్రకారులతో దక్షిణ అమెరికా తిరిగొచ్చి తీసిన బొమ్మల సినిమా ‘సలూడోస్ అమిగోస్’ మరుసటి ఏడాది రియోలో విడుదలైంది. అందులో జోసే కారియోకా అనే బ్రెజిల్ చిలుక డొనాల్డ్ డక్‌కు సాంబా నేర్పుతుంది. హాలీవుడ్ బొమ్మకు లాటిన్ అమెరికా గురువైంది.

భయం పాలించిన చోట

ఈ కథను ఇక్కడితో ఆపితే సగం నిజమే చెప్పినట్లవుతుంది.

1941 జులై 17న అమెరికా ఒక నల్ల జాబితా ప్రకటించింది. జర్మనీ, ఇటలీలతో సంబంధాలున్నాయంటూ లాటిన్ అమెరికాలోని 1,800 మంది వ్యక్తులు, సంస్థల పేర్లు అందులో చేర్చింది. వాళ్లతో అమెరికన్లెవరూ వ్యాపారం చేయకూడదు. అందులో నిజమైన నాజీలున్నారు. వ్యాపారంలో పోటీదారు చాడీ చెప్పినందువల్ల ఇరుక్కున్నవారూ ఉన్నారు. ఆ అక్టోబర్ 27న రూజ్‌వెల్ట్ తన ప్రసంగంలో, దక్షిణ అమెరికాను జర్మనీ ఎలా పంచుకోబోతోందో చూపే రహస్య మ్యాప్ తన దగ్గర ఉందన్నాడు. అది బ్రిటిష్ గూఢచారులు సృష్టించిన దొంగ మ్యాప్ అని తర్వాత చరిత్రకారులు చెప్పారు. భయపడ్డ మనిషి దొంగ కాగితాన్ని కూడా నమ్ముతాడు.

పెర్ల్ హార్బర్ తర్వాత ఆ భయం పట్టపగ్గాలు తెంచుకుంది. లాటిన్ అమెరికా దేశాల నుంచి 4,000 మందికి పైగా జర్మన్లను, 2,200 మందికి పైగా జపనీయులను, సుమారు 300 మంది ఇటాలియన్లను పట్టుకుని ఓడలెక్కించి అమెరికా నిర్బంధ శిబిరాలకు తరలించారు. టెక్సాస్‌లోని క్రిస్టల్ సిటీ శిబిరంలో కుటుంబాలకు కుటుంబాలే ముళ్లతీగల వెనక బతికాయి. విచారణ లేదు, నేరారోపణ లేదు. హిట్లర్ నుంచి ప్రాణాలు దక్కించుకుని పారిపోయి వచ్చిన యూదులను కూడా ‘జర్మన్లు’ అన్న ఒకే కారణంతో ఆ ఓడల్లో ఎక్కించారు. చరిత్రకారుడు మాక్స్ పాల్ ఫ్రీడ్‌మన్ ఆ దస్తావేజులన్నీ తిరగేసి, నిజంగా ప్రమాదకరమైన వాళ్లు అందులో బహు కొద్దిమందేనని తేల్చాడు.

జపనీయుల్లో ఎక్కువమంది పెరూ నుంచి వచ్చినవాళ్లు. మంగలి దుకాణాలు, కిరాణా కొట్లు, పత్తి పొలాలు నడుపుకునేవాళ్లు. అప్పటికే 1940 మేలో లిమా నగరంలో అల్లరి మూకలు వాళ్ల దుకాణాలను లూటీ చేశాయి. పెరూ ప్రభుత్వానికి వాళ్లను వదిలించుకోవాలని ఉంది. అమెరికాకు జపాన్ చేతికి చిక్కిన తన పౌరులతో మార్పిడి చేసుకోవడానికి మనుషులు కావాలి. ఓడ ఎక్కాక వాళ్ల పాస్‌పోర్టులు లాక్కున్నారు. అమెరికాలో దిగాక, పాస్‌పోర్టు లేకుండా అక్రమంగా వచ్చారని వాళ్ల మీదే రాశారు. యుద్ధం ముగిశాక పెరూ వాళ్లలో చాలామందిని వెనక్కి రానివ్వలేదు. వందల మంది, తమ పిల్లలు ఎన్నడూ చూడని జపాన్‌కు వెళ్లాల్సి వచ్చింది. 1988లో అమెరికా తన దేశపు జపనీయులకు తలా 20,000 డాలర్లు, క్షమాపణ ఇచ్చినప్పుడు వీళ్లను పక్కన పెట్టింది. కోర్టు మెట్లెక్కాక 1998లో తలా 5,000 డాలర్లతో సరిపెట్టింది.

కొలంబియాలోనూ 1944లో కొందరు జర్మన్లను ఫుసాగాసుగా పట్టణంలోని సబానెటా హోటల్లో నిర్బంధించారు. స్కాడ్టా ఉద్యోగులకు ఉత్తరాలు అందిన నాడు పట్టిన దారే ఇంత దూరం పోయింది. ఆ 80 మందికి పైగా జర్మన్లలో ఎవరు నాజీ, ఎవరు కాదు అని ఒక్కొక్కరినీ విడిగా విచారించలేదు. కాలువ మీద దాడికి వాళ్లు పన్నిన కుట్ర ఏదీ ఆ తర్వాత కూడా బయటపడలేదు. యుద్ధకాలంలో కీలకమైన రవాణాను అనుమానం లేని చేతుల్లో పెట్టుకోవడం ఏ ప్రభుత్వానికైనా అవసరమే, కాదనను. ఉద్యోగం తీసేయడం ఒక ఎత్తు. మనిషిని ఇంటి నుంచి పెకలించి ఓడ ఎక్కించడం వేరే ఎత్తు. మొదటిది విధానం. రెండోది దౌర్జన్యం.

మళ్లీ జూన్, ఈసారి గ్వాటెమాలా

1940 జూన్ తర్వాత పద్నాలుగేళ్లు గడిచాయి. శత్రువు పేరు మారింది. నాజీల స్థానంలో సోవియట్ రష్యా వచ్చింది. గ్వాటెమాలా అధ్యక్షుడు హకోబో ఆర్బెంజ్ 1952లో భూసంస్కరణ చట్టం తెచ్చి, సాగు చేయకుండా వదిలేసిన పెద్ద కమతాలను భూమి లేని రైతులకు పంచాడు. అందులో అమెరికా కంపెనీ యునైటెడ్ ఫ్రూట్ భూములూ ఉన్నాయి. పొరుగున కమ్యూనిస్టు పలుకుబడి పెరుగుతోందని వాషింగ్టన్ నిర్ణయించుకుంది. 1954 జూన్‌లో సీఐఏ తయారుచేసిన చిన్న సైన్యం సరిహద్దు దాటింది. సీఐఏ సమకూర్చిన విమానాలు రాజధాని మీద బాంబులు వేశాయి. జూన్ 27న ఆర్బెంజ్ రాజీనామా చేశాడు.

కొలంబియాలో 1940 జూన్‌కు, గ్వాటెమాలాలో 1954 జూన్‌కు మధ్య తేడా మొత్తం ఒక్క ప్రశ్నలో ఉంది: నిర్ణయం ఎవరి చేత్తో జరిగింది? కొలంబియాలో అది కొలంబియా చట్టంతో, కొలంబియా అధ్యక్షుడి సమ్మతితో జరిగింది. ఆ దేశం 1941 డిసెంబర్‌లో జర్మనీతో తనంతట తానే సంబంధాలు తెంచుకుంది. గ్వాటెమాలాలో అది ఆ దేశం నోరు నొక్కి జరిగింది. 1960 నుంచి 1996 దాకా అక్కడ అంతర్యుద్ధం రగిలింది. ఐక్యరాజ్యసమితి అండతో ఏర్పడ్డ సత్య శోధన సంఘం అంచనా ప్రకారం 2 లక్షల మందికి పైగా చనిపోయారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. వారిలో అత్యధికులు మాయా ఆదివాసులు. అమెరికా మంచి పొరుగుగా కూడబెట్టుకున్న నమ్మకం ఆ ఖండంలో ఒక్క నెలలో హరించుకుపోయింది. క్యూబా నుంచి చిలీ దాకా తర్వాతి తరం అమెరికాను చూసిన చూపు గ్వాటెమాలా నేర్పిన చూపే.

పొరుగు ప్రాంతంలో శత్రువు కాలు మోపుతున్నాడన్న ఆందోళన ప్రతి పెద్ద దేశానికీ ఉంటుంది. అది ఎప్పుడూ వట్టి భ్రమే అనడం అమాయకత్వం. లాటిన్ అమెరికాలో నాజీ గూఢచారులు నిజంగానే ఉన్నారు. 1942లో బ్రెజిల్‌లో వాళ్ల రహస్య రేడియో కేంద్రాలు పట్టుబడ్డాయి కూడా. ప్రమాదం నిజమైనప్పుడే విధానానికి పరీక్ష. కాఫీకి న్యాయమైన ధర ఇవ్వడం, ఉక్కు కొలిమికి అప్పు ఇవ్వడం, చమురు పోయినా సైన్యాన్ని పంపకుండా నిగ్రహించుకోవడం, సొంత కంపెనీ చెవి మెలిపెట్టడం, గూఢచారిని గూఢచారిగా రుజువు చేసి పట్టుకోవడం, ఇవన్నీ కష్టమైన పనులు. వీటికి ఓర్పు కావాలి, ఖర్చు కావాలి, ఇంట్లో వాళ్ల చేత తిట్లు తినే ధైర్యం కావాలి. జాతిని బట్టి జాబితా రాసి ఓడ ఎక్కించడానికి, నచ్చని ప్రభుత్వాన్ని కూల్చడానికి ఇవేవీ అక్కర్లేదు. అందుకే అవి అంత తేలిగ్గా జరిగిపోతాయి.

పొరుగు దేశం మీద పరాయి పట్టు పడకూడదనుకునే ప్రభుత్వం ముందుగా సడలించుకోవాల్సింది తన సొంత పట్టునే. 1934లో హైతీ నుంచి మెరైన్లను వెనక్కి పిలిచిన దేశం కాబట్టే 1940లో కొలంబియా తలుపు దానికి తెరుచుకుంది. ఆ వరుసను తలకిందులు చేసిన ఏ విధానమూ పొరుగున స్నేహాన్ని మిగల్చలేదు. పెరూ నుంచి టెక్సాస్‌కు తరలిన కుటుంబాలు, గ్వాటెమాలా మాయా పల్లెలు ఆ తప్పుకు మూల్యం చెల్లించాయి. విధానాలు రాసేవాళ్లు తమ బల్ల మీద పరుచుకోవాల్సిన మొదటి మ్యాప్ వాళ్లది.